ఫ్లెక్సీలో నా చెయ్యి

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో నా చెయ్యి కనిపించింది.

మిగతా నేను లేను. మణికట్టు పైనుంచి కత్తిరించేశారు. పోయినాయన నిండుగా నవ్వుతున్నాడు. ఆయన ఎడమ భుజం మీద ఒక చెయ్యి, పగడపు ఉంగరంతో, చిన్నప్పుడు దుకాణం కత్తెరతో ఆడుకుని వంకర చేసుకున్న చిటికెన వేలితో సహా, ఆయన్ని ఎక్కడికీ పోనివ్వనట్టు గట్టిగా పట్టుకుని ఉంది. చుట్టూ మేఘాలు, దీపాలు, రెండు పావురాలు. కింద శ్రద్ధాంజలి ఘటించేవాళ్ల ఫొటోలు వరుసగా ఉన్నాయి. వాళ్లలో సగం మంది రేపు ఎన్నికల్లో నిలబడేవాళ్లలా నమస్కారం పెడుతున్నారు. ఇంత పెద్ద ఫ్లెక్సీకి ఎంత తీసుకుని ఉంటాడు, గట్టిగా అడిగితే ఇంకాస్త తగ్గించి ఉండేవాడా అని మొదట అనిపించింది. గుండెలో కలుక్కుమన్నది తర్వాత. నాలో అన్నీ ఈ వరుసలోనే జరుగుతాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. మేమిద్దరం కలిసి తిరిగింది మూడు రోజులు, ఒక్క నగరం. లోకం దృష్టిలో మాత్రం నాలుగేళ్లు, తొమ్మిది నగరాలు.

మాది కామారెడ్డిలో బట్టల దుకాణం. తాన్ల మధ్య పుట్టి, మీటరు కర్ర పట్టుకుని నడక నేర్చినవాణ్ణి. డాక్టరు పది గోలీలు రాస్తే "ఎనిమిదికి చేసుకోరాదుండ్రి సారూ" అని అడిగిన చరిత్ర నాది. అలాంటి నాకు నలభై అయిదు దాటాక ఒక్కణ్ణే ఏదైనా కొత్త నగరం తిరిగి రావాలని బుద్ధి పుట్టింది. అది చెప్పినంత సులభం కాదు. మా దిక్కు మనిషి ఒంటరిగా ఊరు పోయాడంటే రెండే కారణాలు: ఇంట్లో కొట్లాటైనా అయి ఉండాలి, కోర్టులో కేసైనా ఉండాలి. దేవుడి దగ్గరకు కూడా మేం జీపు నిండితేనే పోతాం. అందుకని, "దుప్పట్ల మాలు చూడనీకి జైపూర్ పోతున్న" అని ఇంట్లో చెప్పాను.

"మన దుప్పట్లు సూరత్ నుంచి గదా వస్తయి?" అంది మా ఇంటామె.

"కొత్త డిజైన్లు."

"మంచిది" అని ఊరుకుంది. ఆమె ఊరుకుంటే అది మాఫీ కాదు, వాయిదా అని నాకు అప్పటికి తెలియదు.

జైపూర్ జోహరీ బజారులో ఒక చెప్పుల దుకాణం ముందు ఆయన్ని మొదటిసారి చూశాను. చూశాను అనడం తప్పు. ఆయన నా బేరం చెడగొట్టాడు. బేరంలో నాదొక పద్ధతి. ముందు వస్తువును ముట్టుకోవాలి, కుళ్లిన వంకాయను ముట్టుకున్నట్టు. ధర అడిగి నవ్వాలి. నా ధర చెప్పి, వాడు ఏడ్చేదాకా ఆగి, లేచి నడవాలి. ఏడో అడుగులో ఏ ఊరి దుకాణదారుడైనా వెనక్కి పిలుస్తాడు. మా దుకాణంలో మేం పిలిచేదీ ఏడో అడుగులోనే. అరగంట కష్టపడి, లేచి, ఆరో అడుగు వేశాను. అప్పుడు నా వెనకాల ఎవరో హిందీలో "గదే జోడు నాకియ్యి" అన్నట్టు అని, చెప్పిన ధర చెప్పినట్టు చేతిలో పెట్టారు.

ఏడో అడుగు పడింది. పిలుపు రాలేదు. ఎనిమిది. తొమ్మిది. వెనక్కి తిరిగితే నా చెప్పులు వేసుకుని ఒక పెద్దమనిషి అటూ ఇటూ నడిచి చూసుకుంటున్నాడు.

"కొంప ముంచిండు ముసలోడు" అన్నాను తెలుగులో, ఇంత దూరంలో ఎవరికి అర్థమవుతుందిలే అని.

ముసలోడు నడక ఆపాడు. "ఎవలయ్యా ముసలోడు? ఏ ఊరు నీది?"

"కామారెడ్డి."

"ఏం జేస్తవు?"

"బట్టల దుకాణం."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. బస్సులో మరిచిపోయిన సంచి దొరికినవాడి ముఖం పెట్టాడు. "దొరికినవా సేటూ! ఆర్నెల్ల సంది మా ఇంట్ల నీ గురించే చెప్తున్న!"

సంగతి చాయ్ దగ్గర తేలింది. ఆయనది ఎల్లారెడ్డి. ముప్పై ఏళ్లు కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సుకు కండక్టరు. నౌకరీ దిగిపోయాక దేశంలో నగరాలు చూడాలనుకున్నాడు, అదీ ఒక్కడే. కొడుకు వద్దన్నాడు. షుగర్ ఉంది అన్నాడు. అది పైకి చెప్పే కారణం. అసలుది, తండ్రిని ఒంటరిగా రైలెక్కిస్తే వాడకట్టులో ఇజ్జత్ ఏం కావాలి అని.

"గందుకే తోడున్నడని చెప్పిన" అన్నాడు. "ఎవలంటే కామారెడ్డి బట్టల సేటన్న. సేటంటే మా వోనికి భరోసా. సేటు పైసనే పారేసుకోడు, మనిషిని ఎట్ల పారేసుకుంటడని."

"నా గురించి ఇంకేమేం చెప్పినవే అన్నా?"

"మోకాళ్ల నొప్పులున్నయన్న. గురక కొడ్తవన్న. పొద్దుగూకంగనే పంటవు, గందుకే ఫోన్ల మాట్లాడవన్న. బేరమాడి ఎదుటోని పానం తీస్తవన్న."

"నన్ను చూడకముందే?"

"సేటువైతివి గద!"

ఆ సాయంత్రం ఆయన లాడ్జి గదిలో ఉండగా కొడుకు వీడియో కాల్ చేశాడు. నేను మంచం మీదినుంచి లేచి, రెండు అడుగులు కుంటుతూ వచ్చి ఫోను ముందు కూర్చున్నాను. "మా బాపును జర చూసుకోండ్రి సేటూ, ఒక్కణ్ణి ఇడువకుండ్రి" అన్నాడు కొడుకు. "ఇడువ" అన్నాను. ఈ సాయం ఊరికే చెయ్యలేదు, ఫోను పెట్టేశాక బేరం పెట్టాను. నేను పక్కన ఉండగా చెప్పిన ధరకు ఆయన ఏదీ కొనకూడదు. ఆయన ఒప్పుకుని తనదీ ఒక షరతు పెట్టాడు.

"పొద్దంత ఎవని తొవ్వ వానిది. మాపటికి చాయ్ కాడ కలుద్దాం. గంతకంటె ఎక్కువ దోస్తానా నాకు పడది."

ఒంటరిగా వచ్చిన ఇద్దరి మధ్య అంతకంటే మంచి ఒప్పందం ఉండదు. మా వాళ్లతో పోతే మూత్రానికి కూడా మీటింగు పెట్టుకోవాలి.

ఆయన మనిషి పొడుగు. ముప్పై ఏళ్లు తోలు సంచి మోసి ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. సంచి లేకపోయినా ఉన్నట్టే ఒరిగి నడిచేవాడు. చెవిలో పెన్సిలు. ఏ గుంపు కనబడినా కళ్లతో తలలు లెక్కపెట్టేవాడు. హోటల్లో, గుడి ముందు, రైలు ప్లాట్‌ఫారం మీద. ఒకసారి రోడ్డు మీద పెళ్లి బరాత్ పోతుంటే పెళ్లికొడుకును వదిలేసి, "యాభై నాలుగు. గుర్రం కాక" అన్నాడు. బేరం అంటే ఆయనకు నిజంగా రాదు. రేటు అచ్చేసి ఉన్న టికెట్ అమ్మినవాడు. ధర అడిగాక ఇంకో మాట మాట్లాడితే అవతలివాణ్ణి దొంగ అన్నట్టని ఆయన నమ్మకం. నా ఎదుట ఉన్నంతసేపు జేబులో చెయ్యి పెట్టుకుని, ఒప్పందాన్ని ఉపవాసంలా పాటించాడు.

మొదటి రెండు రోజుల్లో నేను కోటలు, మహళ్లు, మ్యూజియం చూశాను. గైడును తగ్గించి, ఆటోను తగ్గించి, తగ్గించినదాన్ని మనసులో కూడుకుని మురిసి, ఏ కోటకు ఏ రాజో మరిచిపోయాను. ఆయన ఒక్క కోట కూడా ఎక్కలేదు. పొద్దున్నే ఏదో ఒక సిటీ బస్సెక్కి, ఆఖరి స్టాపు దాకా పోయి, అక్కడ దిగి, మళ్లీ వెనక్కి వచ్చేవాడు. మర్నాడు ఇంకో దిక్కు. మూడో రోజు నన్నూ రమ్మన్నాడు.

సాంగానేర్ వైపు పోయే బస్సు. సగం సీట్లు ఖాళీ. నేను కూర్చున్నాను. ఆయన కూర్చోలేదు. కడ్డీకి వీపు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు వదిలేసి నిలబడ్డాడు. ఎప్పుడూ చూడని ఊళ్లో, మలుపు రాకముందే ఆ వైపు ఒంగేవాడు. ప్రతి స్టాపుకూ పెదవులు కదిలేవి. ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, ఉన్నవాళ్లు. ఆ బస్సు కండక్టరు ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి. తలుపు దగ్గర గుంపును లోపలికి జరిపిన తీరు చూసి ఈయన కళ్లు మెరిశాయి. "నోరు లేవలే, చెయ్యి ముట్టలే, ఎట్ల జరిపింది చూడు సేటూ. నాకు గీ పని వచ్చేసరికి పదేండ్లు పట్టింది" అన్నాడు. నేను ఏ మహలు ముందూ ఆయనంత మర్యాదగా నిలబడలేదు.

ఆఖరి స్టాపులో ఒక చాయ్ బండి, రెండు బర్రెలు, అద్దకం వేసి ఎండకేసిన చీరలు. బస్సు వెనక్కి తిరిగేలోపు ఆ అమ్మాయిని అడిగి ఫొటో తీయించుకున్నాడు.

"చెయ్యి ఎయ్యి భుజం మీద. గట్ల అంటీముట్టనట్టు గాదు. ఇడువనట్టు కనవడాలె, మా వోనికి పంపాలె."

ఇడువనట్టే వేశాను. ఆ ఫొటోయే ఇప్పుడు బస్టాండు ఎదుట ఉంది.

బస్సు వెళ్లిపోయింది. ఆయన దుమ్ములో నిలబడి అది కనబడకుండా పోయేదాకా చూస్తున్నాడు.

"ముప్పై ఏండ్లు బస్సులనే తిరిగి, మల్ల బస్సేనా అన్నా?" అన్నాను.

"తిరిగిన. తాడ్వాయి దిగుండ్రి, లింగంపేట దిగుండ్రి అని అందర్ని దించిన. నేనెక్కడ దిగలే. బస్సు పోయినంక గూడ ఒక్కకాడ నిలవడి ఉంటే ఎట్లుంటదో చూద్దామని ఉండె."

"ఎట్లుంది?"

నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎండ మస్తు కొడ్తున్నది" అన్నాడు. ముఖం మాత్రం ఎండ కొట్టినవాడిది కాదు.

తర్వాత మేమిద్దరం కలిసి ఎక్కడికీ పోలేదు. కానీ ఏడాదికి రెండుసార్లు ఫోను వచ్చేది. "సేటూ, ఎల్లుండి మనం మైసూర్ పోతున్నం" అనేవాడు. 'మనం' అంటే ఆయన మైసూరుకు, నేను తువ్వాళ్ల వెనక్కి. ఎల్లారెడ్డి జనం బట్టలకు కామారెడ్డికే వస్తారు. నేను మైసూరులో ఉన్న అయిదు రోజులూ వాళ్ల కంట పడకూడదు. అందుకని దుకాణం లోపల తువ్వాళ్ల దొంతర వెనక ఒక స్టూలు వేసుకున్నాను. మా ఇంటామెకు సంగతి చెప్పక తప్పలేదు. జైపూర్ దుప్పట్ల వాయిదా కూడా ఆ రోజే తీరింది. తిడుతుందనుకున్నాను. నవ్వి, గల్లా మీద తాను కూర్చుని, నాకు తువ్వాళ్ల మీదుగా చాయ్ అందించింది. నేనలా మైసూరు, పూరీ, నాసిక్ తిరిగాను. తిరిగొచ్చాక ఆయన దుకాణానికి వచ్చి, ఆ ఊరి సిటీ బస్సు టికెట్ ఒకటి నా చేతిలో పెట్టి, ఆఖరి స్టాపు ఎట్లుందో చెప్పి పోయేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. దుకాణంలో కూడా నిలబడే ఉండేవాడు.

అంతా సాఫీగా సాగేదే, నా పుట్టుక అడ్డం రాకపోతే.

బతుకమ్మ ముందర, నేను భువనేశ్వర్‌లో ఉన్న రెండో రోజు. తువ్వాళ్ల వెనక కూర్చుని వింటున్నాను. గల్లా దగ్గర ఒక ఆడగొంతు చీర బేరమాడుతోంది. అబ్బ, ఏం బేరం! ముట్టుకున్న తీరు, నవ్విన తీరు, లేచిన తీరు. మా ఇంటామె ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆమె నడవసాగింది. అడుగులు వినిపిస్తున్నాయి. నాలుగు, అయిదు. ఏడో అడుగు దాకా ఆగాలి. మా ఇంటామె అయిదో అడుగులోనే పిలిచి, ఆమె అడిగిన ధరకే ఇస్తానంది.

"ఆ రేటుకు సూరత్‌ల గూడ రాదు!" అని నా గొంతు తువ్వాళ్ల మీదినుంచి దూకింది.

లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్నది ఆయన కోడలు. వీడియో కాల్లో కొడుకు వెనక చాయ్ గ్లాసులతో అటూ ఇటూ తిరిగిన ముఖం.

"సేటూ" అంది నింపాదిగా, "గిప్పుడే మా మామ ఫోన్ చేసిండు. మీరు తానం చేస్తున్నరని చెప్పిండు."

ఈమె ఇంటికి పోయి ఒక్క మాటంటే చాలు, ఆయన ఊళ్లు అన్నీ ఆ రోజుతో ఆఖరు. మా ఇంటామె చీర మడత పెడుతున్నట్టు నటిస్తోంది. కోడలు చీరను చూసింది, నన్ను చూసింది, మళ్లీ చీరను చూసింది.

"మరి రేటు?"

"మీరన్నదే."

చీర సంచిలో పెట్టుకుని గడప దగ్గర ఆగింది. "తొందరగ తానం చేసి బయటికి రాండ్రి సేటూ. సర్ది పడ్తది."

ఇంటికి పోయి ఏమీ చెప్పలేదు. ఆయన ఇంకో నాలుగు నగరాలు చూశాడు. ఆ కుటుంబానికి బట్టలు మాత్రం ఇవాళ్టిదాకా ఆమె చెప్పిన ధరకే పోతున్నాయి.

ఫ్లెక్సీ కింద పదకొండో దినం తేదీ రాసి ఉంది. చూస్తే అది ఆ రోజే. ఎల్లారెడ్డిలో పెళ్లి భోజనానికని వచ్చినవాణ్ణి, దినం భోజనానికి పోయాను. మా దుకాణంలో పెళ్లి బట్టలు తీసినవాళ్ల భోజనానికి ముఖం చాటేయడం నా జన్మలో అదే మొదలు.

ఆయన పోయింది ఇంట్లోనే, నులక మంచం మీద, పొద్దున చాయ్ తాగి. ఏ నగరంలోనూ కాదు. కొడుకు నన్ను చూడగానే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అంత మందిలోకీ తీసుకుపోయి నిలబెట్టాడు.

"మా బాపు తోటి తొమ్మిది ఊర్లు తిరిగిన సేటు గీయననే. ఫ్లెక్సీ చేసెటోడు చెయ్యి తీసేస్తనన్నడు. నేనే వద్దన్న. మా బాపును ఏనాడు ఒక్కణ్ణి ఇడువలేదని నలుగురికి తెల్వాలె."

నలుగురూ తలలూపారు. ఎవరో కుర్చీ వేశారు. ఒకాయన, "నీ మోకాళ్లు ఎట్లున్నయి సేటూ?" అని అడిగాడు. కుంటుతూ పోయి కూర్చున్నాను.

ఊళ్ల సంగతులు చెప్పమన్నారు. చెప్పాను. మైసూరులో ఆఖరి స్టాపు దగ్గర చెరుకు బండి, పూరీలో ఆఖరి స్టాపు దగ్గర వలలు ఆరబెట్టిన గోడ. "ప్యాలెస్ సూడలేదా?" అన్నాడొకాయన. "బంద్ ఉండె" అన్నాను. "సముద్రం?" "అది గూడ."

పటంలో ఆయన నవ్వుతున్నాడు. షుగర్ మనిషి, అరవై దాటినవాడు, భాష రాని ఎనిమిది నగరాలకు ఒక్కడే పోయి, ఎనిమిది సార్లూ క్షేమంగా వచ్చాడు. ఈ వాడకట్టులో ఎవడూ చెయ్యలేదు. ఆయన బతుకులో సొంతంగా చేసుకున్న పని అదొక్కటే. అది కాస్తా నా పేరు మీద పడిపోయింది. అడక్కుండా, బేరమాడకుండా ఇంత పెద్ద సొత్తు నాకెప్పుడూ దక్కలేదు. తిరిగిచ్చేద్దామని నోటిదాకా వచ్చింది. కొడుకు నా భుజం మీద చెయ్యి వేశాడు, గట్టిగా, ఇడువనట్టు. తండ్రిని పోగొట్టుకుని పదకొండు రోజులైన మనిషి చేతిలోంచి ఆ ఒక్క గొప్పా లాక్కోలేకపోయాను. "అవును, ఏనాడు ఇడువలే" అన్నాను.

తిరిగి వస్తుంటే తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గొంతు తగ్గించింది.

"అన్నా, సముద్రం బంద్ ఉంటదా?"

"ఏం చెయ్యమంటవు బిడ్డా, నోటికొచ్చింది."

కాసేపు కొంగు అంచు మడత పెట్టింది. "మీ ఇంటామె పేరు నాకు జర ఇస్తరా? పండుగలు అయినంక. నాలుగు దినాలు. కామారెడ్డి సేటు ఇంటామె తోడున్నదంటే మా ఇంట్ల ఏమనరు."

"ఏ ఊరు పోతవు?"

"ఊరు అనుకోలే. ఆఖరి స్టాపు దాంక."

ఇప్పుడు తెలిసింది కదా, ఆయన పేరు ఎందుకు రాయలేదో. రాస్తే ఆ కొడుకు గొప్పా, ఈ కోడలి ఊరూ రెండూ పోతాయి.

కామారెడ్డి చేరేసరికి మా ఇంటామె గల్లా మూస్తోంది. సంగతంతా చెప్పాను. విని, తాళం గుత్తి బొడ్లో దోపుకుంది.

"ఇస్త" అంది. "ఊకె ఇయ్య. ఆమె వచ్చినంక ఆమె పేరు నాకియ్యాలె. నాలుగు దినాలు."

"నాలుగెందుకు, రెండు దినాలు..."

"ఒకటే రేటు" అంది.

మా వంశంలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఏడు అడుగులు నడిచి చూశాను. పిలవలేదు. ఎనిమిదో అడుగుకు తువ్వాళ్ల దొంతర దగ్గరికి వచ్చాను. కోడలు ఊరు తిరిగే ఆ నాలుగు రోజులూ ఎల్లారెడ్డి జనానికి మా ఇంటామె కనబడకూడదు కదా. వెనక దుమ్ము పట్టిన స్టూలు తీసి, తుడిచి, కొంచెం మెత్తగా ఉండాలని దాని మీద ఒక దుప్పటి మడత వేసి పెట్టాను.